ఐస్‌లాండు వలయమార్గము

భూగోళపటమున నార్వే దేశమునకు పడమరగా, గ్రీన్‌లాండునకు తూర్పుగా, ఉత్తర అట్లాంటిక్ సముద్రమున ఒంటిగా నున్న ద్వీపము ఐస్‌లాండు. దాని వైశాల్యము సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య నాలుగు లక్షలకు కొంచెము తక్కువ. అనగా తెలంగాణ రాష్ట్రము కంటె కొంచెము చిన్నదగు నేలపై మన దేశమున ఒక నడితరపు పట్టణమున నుండునంత జనము మాత్రమే నివసించుచున్నారు. దీవి నడిమి భాగమంతయు మంచుగడ్డలును, నల్లని లావా బీళ్లును. జనులుండుట అంచుల వెంబడినే. ఆ అంచునే అనుసరించి దీవిని చుట్టివచ్చు రహదారి యొకటి కలదు. దానిని ఒకటవ నెంబరు బాట యందురు. పొడవు 1,300 కిలోమీటర్లకు కొంచెము పైన.

ఈ బాటపై చిన్న చిన్న జట్లు సంవత్సరము పొడుగునను పయనించుచుండును. పది పదునైదుగురు ప్రయాణికులు, ఒక చిన్న బస్సు, తానే బండి నడపుచు త్రోవ చెప్పు మార్గదర్శి, ఇంతియే జట్టు. చుట్టి వచ్చుటకు ఏడెనిమిది దినములు పట్టును. మనము పటమును ముందిడుకొని అట్టి జట్టు వెంట పోవుదము. చూడదగిన వింతలకు పట్టిక వ్రాయుట మన ఉద్దేశము కాదు. అట్టి పట్టికలకు కొదువ లేదు. ఆ బాట యెట్లు పుట్టినది, ఎన్ని మారులు తెగినది, మార్గదర్శి మాట వినక దిగినవారు ఏల ఆపదల పాలగుదురు అనునవి తెలిసికొనదగిన సంగతులు.

పటము చదువుటకు ముందు ఆ దేశభాషలోని కొన్ని మాటలు నేర్చుకొనుట మేలు. వీక్ అనగా అఖాతము. ఫొస్ అనగా జలపాతము. యోకుల్ అనగా హిమానీనదము. వత్న్ అనగా నీరు, సరస్సు. నదికి "ఆ" యను ఒక్క అక్షరమే పేరు. ఇవి తెలిసినచో పటముపై నోరు తిరుగని పేర్లన్నియు విడిపోయి అర్థవంతములగును. రాజధాని పేరు రేక్యవిక్. పొగల అఖాతమని దాని అర్థము. అచ్చటి పొగ నిజమునకు వేడి ఊటల నుండి లేచు ఆవిరి. ఆ జనులకు తమ భాషపై మమకారము మెండు. కంప్యూటరు వచ్చినపుడు పరభాషాపదము గైకొనక, "సంఖ్య" అను మాటను, "సోదె చెప్పు స్త్రీ" అను ప్రాతమాటను కలిపి "తొల్వ" యని పేరు పెట్టిరి. టెలిఫోనునకు దారము అను అర్థముగల ఒక పురాతన పదమును వెలికిదీసి వాడుచున్నారు. పరభాషల నడుమ నుండి తెలుగున చదువుకొనుచున్న మనకు ఈ సంగతి రుచింపక మానదు.

ఇక ప్రయాణము. ఉదయమున బండి కదలుటకు ముందు మార్గదర్శి రెండు విషయములు చూచును: వాతావరణ శాఖవారి గాలి హెచ్చరిక, రహదారుల శాఖవారి బాటల పటము. హెచ్చరికలు పసుపు, నారింజ, ఎఱుపు అని మూడు తరగతులు. ఎఱుపు వచ్చిననాడు బండి కదలదు. చెట్లు లేని ఆ బయళ్లలో గాలి కారు తలుపులను వంచివేయును. ఇసుకను రేపి బండి రంగును గీచివేయును. కావున దిగునపుడు ఇటుప్రక్క తలుపు మూసినగాని అటుప్రక్క తలుపు తీయరాదని, తలుపును చేతితో పట్టుకొనియే తీయవలెనని ప్రయాణికులకు మొదటి పాఠము. వినుటకు స్వల్పముగా దోచును గాని, బాడుగ కార్లు తీసికొని తమంత తాము పోవు కొత్తవారు నష్టపడునది తరచుగా ఈ గాలి చేతనే.

రేక్యవిక్ దాటి కొంత దూరము పోయి, వలయమార్గమునకు కొంచెము ప్రక్కగా తింగ్వెత్లిర్ చేరుదుము. ఉత్తర అమెరికా ఫలకము, యురేషియా ఫలకము అను రెండు భూఫలకములు ఈ దీవిలో ఏటికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున ఎడమగుచున్నవి. మధ్య నేల బీటలువారి దిగిపోవుచున్నది. ఆ పగులు ప్రక్కనే క్రీ.శ. 930లో ఆ దేశపు జనసభ మొదలిడెను. రెండు ఫలకములు విడుచోటనే, లోతునుండి వేడి కూడ పైకెగయుట చేత ఇచ్చట ఇన్ని అగ్నిపర్వతములు కలవు.

దక్షిణతీరమున తూర్పుగా సాగినచో ఎడమచేతి వైపున ఎయ్యఫ్యత్లయోకుల్ కనబడును. మంచుగడ్డ క్రింద అగ్నిపర్వతము. అది 2010 ఏప్రిలున పేలినపుడు బూడిద యూరపు ఆకాశమును కప్పి, దాదాపు లక్ష విమానప్రయాణములు నిలిచిపోయినవని లోకమెల్ల ఎఱుగును. అచ్చటి బాటకు జరిగినది అంతగా తెలియదు. నిప్పునకు కరగిన మంచు వరదయై వలయమార్గపు పెద్ద వంతెనపైకి వచ్చుచుండెను. అప్పుడు రహదారుల వారు యంత్రములు తెచ్చి, వంతెన ప్రక్కనున్న బాటను తామే త్రవ్వి గండ్లు కొట్టిరి. వరద ఆ గండ్లలోబడి పోయినది, వంతెన నిలిచినది. గండి పూడ్చుటకు కొన్ని దినములు చాలును. వంతెన కట్టవలెనన్న నెలలు పట్టును. చెఱువు కట్ట తెగునపుడు మన రైతులు చేయు ఆలోచనయే ఇది.

వీక్ అను చిన్న ఊరి యొద్ద రేనిస్‌ఫ్యార యను నల్లయిసుక సముద్రతీరము కలదు. అచ్చట కొండ అంచున నల్లరాతి స్తంభములు ఆరు పలకలుగా చెక్కినట్లు వరుసగా నిలిచియుండును. లావా మెల్లగా చల్లారి కుదించుకొనునపుడు ఇట్లు పగులును. ఇట్టివి మన దేశమునను కలవు: ముంబయి నగరమున అంధేరీ యందలి గిల్బర్టు గుట్ట, కర్ణాటకమున మాల్పె యెదుటి సెయింట్ మేరీ దీవులు. మహారాష్ట్రమున నివసించు మన విద్యార్థులు దినదినము త్రొక్కు నల్లరాయి ఎక్కువ భాగము ఐస్‌లాండు రాతికి చుట్టమే. దక్కను లావా సుమారు ఆరున్నర కోట్ల యేండ్ల నాటిది. దాని తునకలు రాజమహేంద్రవరము చెంత గోదావరి ఒడ్డున కూడ కలవు. ఇక్కడ చల్లారి నేలయై పంట పండుచున్న దానిని, అక్కడ ఇప్పుడే పుట్టుచుండగా చూడవచ్చును.

ఆ తీరమున మార్గదర్శి సౌమ్యముగా మాటలాడుట మానివేయును. అలలు చిన్నవిగా వచ్చుచు పోవుచు నుండగా, ఉన్నట్లుండి ఒక పెద్ద అల ఒడ్డు మీదికి చాల దూరము ప్రాకి వచ్చును. వెనుదిరిగి ఫొటో తీయించుకొనువారిని అది లాగుకొనిపోవును. పలువురు అట్లు మరణించిరి. అలల బలమును తెలుపు హెచ్చరిక దీపమును అచ్చట నిలిపిరి గాని, దీపము కంటె వెంటనున్న మనిషి అరపు త్వరగా చెవిసోకును. చిన్న జట్టునకు గల లాభమిదియే: పదిమందియు ఎక్కడెక్కడ నిలిచిరో ఒక్క చూపున తెలియును.

వీక్ పైనున్న మంచుగడ్డ క్రింద కాత్లా యను అగ్నిపర్వతము కలదు. అది 1918లో చివరిసారిగా పెద్దయెత్తున పేలినది. మరల పేలినచో ఊరివారందరు గుట్టపైనున్న చర్చికి ఎక్కవలెనని నిర్ణయించి, అందులకు అభ్యాసము చేయుచుందురు.

అక్కడినుండి బాట నాచు కప్పిన లావా మైదానమున సాగును. 1783 జూన్ 8వ తేదీన లాకీ యను చోట నేల 27 కిలోమీటర్ల పొడవున చీలి, ఎనిమిది నెలలు లావా కక్కెను. విషవాయువు గడ్డిపై దిగుటచే గొఱ్ఱెలు నూటికి ఎనుబది వంతున చచ్చినవి. పిదప కరవు. దేశజనమున అయిదవ వంతు నశించిరి. యోన్ స్తేన్‌గ్రీమ్‌సన్ అను మతాచార్యుడు ఆ కాలమున అన్నిటిని చూచి వ్రాసియుంచెను. నేటి శాస్త్రజ్ఞులకు ఆ వ్రాతయే ఆధారము. లావా ఊరిని సమీపించిన జులై 20వ తేదీన అతడు చర్చిలో ప్రార్థన సలుపుచుండగా అది చర్చికి కొలది దూరమున ఆగెనని ప్రసిద్ధి. ఆ పొగ వలన ఉత్తరార్ధగోళము చల్లబడి ఆఫ్రికా, భారతదేశముల ఋతుపవనములు బలహీనమైనట్లు 2006లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపిరి. నైలునదికి తగినంత వరద రాక ఈజిప్టు కరవు పాలయ్యెను. ఎక్కడి ఐస్‌లాండు, ఎక్కడి నైలు!

పిమ్మట వచ్చునది స్కేదరా ఇసుకమైదానము. మన ప్రయాణమున అన్నిటికంటె ఎక్కువ సేపు ఆగదగిన చోటిది. చూచుటకు ఏమియు లేదు: నల్లయిసుక, గులకరాళ్లు, దూరమున మంచు. ఆ మంచు వత్నాయోకుల్. ఏడువేల చదరపు కిలోమీటర్లకు మించిన మంచుగడ్డ. దాని నుండి దిగు నదులు ఇసుకలో ఒకచోట నిలువక, నేడొక పాయగా, రేపొక పాయగా పారును. 1974 వరకును వలయమార్గమునకు ఈ ఒక్క చోటనే తెగుదల యుండెను. పూర్వము ఈ నదులను దాటవలసినవారు ఆ ప్రాంతపు రైతుల ఇంటికి పోయి తోడు అడిగెడివారు. నీటి రంగును, సుడిని చూచి ఎక్కడ లోతో, ఎక్కడ ఊబియో ఆ రైతులు చెప్పగలరు. నీటికి బెదరని గుఱ్ఱములను వారు అందులకే పెంచెడివారు. నేటి మార్గదర్శులకు వారే పూర్వులనుట తగును. ఈ నదులను దాటజాలని బండ్లు రాజధాని నుండి తూర్పుననున్న హొఫ్న్ పట్టణమునకు ఉత్తరము చుట్టి, దాదాపు రెండింతల దూరము పోవలసివచ్చెడిది.

ప్రభుత్వము బహుమతులుగల ఋణపత్రములను ప్రజలకమ్మి సొమ్ము కూర్చి ఇచ్చట వంతెనలు కట్టించెను. అందు స్కేదరా వంతెన దాదాపు 900 మీటర్ల పొడవై దేశమున అన్నిటికంటె పెద్దదయ్యెను. ఆ దీవిలో జనులు కాపురము చేరి పదునొకండు వందల యేండ్లు నిండిన సందర్భమున, 1974 జులైలో బాట ముడివడినది.

ఇరువది రెండేండ్లు గడచినవి. 1996 సెప్టెంబరు చివర వత్నాయోకుల్ మంచు క్రింద అగ్నిపర్వతము పేలెను. కరగిన నీరు మంచు క్రిందనున్న గ్రీమ్స్‌వొత్న్ సరస్సున చేరి, నెలకు పైగా పెరిగి, కడకు మంచు ఆనకట్టను ఎత్తివైచి నవంబరు 5న బయటపడెను. సెకండునకు 45,000 ఘనమీటర్లకు తక్కువ గాని ప్రవాహము. దానితో ఇండ్లంతటి మంచుబండలు. ఒక వంతెన పూర్తిగా కొట్టుకొనిపోయినది. పెద్ద వంతెన కొంతభాగము విరిగినది. బాట పది కిలోమీటర్ల మేర లేకుండ పోయినది. వరద వచ్చునని శాస్త్రజ్ఞులు ముందే చెప్పియుండుటచే బాటను మూసివేసిరి. ఒక్క ప్రాణమును పోలేదు. మూడు వారములలో తాత్కాలికపు బాట వేసి బండ్లు విడిచిరి. వంకరలు తిరిగిన ఇనుప దూలములను ఇప్పటికిని బాట ప్రక్కన నిలిపియుంచిరి. జట్లు అచ్చట దిగి వాటిని చూచును.

కథ ఇంతటితో ముగియలేదు. మంచుగడ్డ తగ్గుచు వెనుకకు పోవుచుండుటచే 2009లో స్కేదరా నది తన దారి మార్చి పడమటి నదిలో కలిసినది. అంత ఖర్చుతో కట్టి, అంత శ్రమతో బాగుచేసిన వంతెన క్రింద నీరు దాదాపుగా లేకపోయినది. 2017లో ప్రక్కన చిన్న వంతెన నొకటి కట్టి దానిని వాడుక మానిరి. వరదకు నిలిచిన వంతెనను ఎండ ఓడించినది.

ఇచ్చటికి తూర్పుగా యోకుల్సార్లోన్ అను మంచుముక్కల సరస్సు కలదు. ఇది గత నూరేండ్లలో మంచు వెనుదీయగా పుట్టి, నానాటికి పెరుగుచున్నది. ప్రయాణికులు దాని సొగసునకు మురియుదురు. అది పెరుగుటకు కారణము నెఱిగినవారికి ఆ మురిపెము కొంత తగ్గును.

తూర్పుతీరపు సన్నని సముద్రపు పాయలను, పొగమంచును త్వరగా దాటుదము. ఉత్తరమున దెత్తిఫొస్ జలపాతము 44 మీటర్ల ఎత్తునుండి బూడిదరంగు నీటిని దుముకును. మనము చదువుకొన్న తెల్లని జలపాతముల వలె ఉండదు. మీవత్న్ సరస్సు చెంత నేల ఉడుకుచున్నది. పసుపుపచ్చని మట్టి గట్టిగానున్నట్లు కనబడును. క్రింద మరుగు బురద. త్రాళ్లు కట్టిన త్రోవను విడిచి ఒక్క అడుగు ప్రక్కకు వేసినను కాలు కాలును. ఆ వేడినే ఊరి స్త్రీలు వంటకు వాడుకొనిరి. పిండి పెట్టెను నేలలో పాతిపెట్టి, ఒక పగలు ఒక రాత్రి ఉంచి తీసినచో రొట్టె ఉడికియుండును. సమీపముననే భూమి ఆవిరితో విద్యుత్తు తీయుచున్నారు. ఆ కేంద్రము కట్టుచుండగానే, 1975లో ప్రక్కనున్న క్రాఫ్లా అగ్నిపర్వతము మేల్కొని తొమ్మిదేండ్లు మధ్య మధ్య నిప్పు కక్కుచునే యుండెను. పని మాత్రము మానలేదు.

అకురేరి పట్టణము మీదుగా పడమటికి దిగినచో చివర హ్వాల్‌ఫ్యొర్ద్ అను సముద్రపు పాయ అడ్డగించును. 1998 వరకు దానిని చుట్టి పోవలసియుండెను. ఇప్పుడు సముద్రము క్రింద, 165 మీటర్ల లోతున, 5,770 మీటర్ల పొడవుగల సొరంగమున బండి ఏడెనిమిది నిమిషములలో దాటును.

రేక్యవిక్ చేరిన పిదప జట్టు విడిపోయి, విమానాశ్రయమునకు పడమటి ద్వీపకల్పము మీదుగా పోవును. ఆ దారికి దక్షిణముగా గ్రిందవీక్ అను చేపలవారి ఊరు కలదు. 2023 నవంబరు 10వ తేదీ రాత్రి అందలి మూడువేల ఏడువందలకు పైబడిన జనులను ఇండ్లు విడిపించిరి. డిసెంబరున నేల చీలి లావా వచ్చెను. 2024 జనవరిలో కొన్ని ఇండ్లను కాల్చెను. ఊరి చుట్టును మట్టికట్టలు పోసిరి. లావా బాటను కప్పినపుడు, అది లోపల ఇంకను వేడిగా నుండగానే, పైభాగము గట్టిపడినచోట రాళ్లుపోసి యంత్రములతో త్రొక్కించి, దానిమీదనే కొత్త బాట వేసిరి.