పదా, పన్నెండా?

గుంటూరు,
ఆదివారం

చిట్టితల్లీ,

నీ ఉత్తరం మీ అమ్మ చదివి వినిపించింది. చలి, రెండు బస్సులు మారడం, వార్డులో ముసలావిడ నీకు బిస్కెట్లు దాచిపెట్టడం అన్నీ విని మురిసిపోయాను. ఒక్క పేరా దగ్గర మాత్రం ఆపి మళ్లీ చదివించుకున్నాను. రాత్రి పదింటికి పడాల్సిన యాంటీబయాటిక్ పన్నెండు దాటాక పడిందని, తోటి సిస్టర్ ‘చార్టులో పదనే వేసెయ్, పేషెంటుకేమీ కాలేదుగా’ అందని రాశావు. చివరికి నువ్వేం వేశావో మాత్రం రాయలేదు. నాకు నిద్ర పట్టనిది అక్కడే.

ఏమీ కాలేదని ఎవరు తేల్చారు తల్లీ? ఆ మందు జెంటామైసిన్ అనుకో. ఒంట్లో ఎంత మిగిలిందో రక్తం తీసి చూసేటప్పుడు డాక్టరు లెక్క మొదలయ్యేది నువ్వు వేసిన టైము నుంచే. అది తప్పితే తర్వాతి డోసు తప్పుతుంది. దాని దెబ్బ కిడ్నీకో చెవికో తగులుతుంది. ఆ రాత్రి ఏం జరిగిందో ఆ డాక్టరు చూడలేదు, నీ సంతకాన్ని నమ్ముతాడు.

నేను ట్రైనింగులో ఉండగా మా హెడ్ నర్సు తెల్లవారుజామునే వచ్చి జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్టులన్నీ తిరగేసేది. ఒకరోజు వార్డు వార్డంతా 98.4. ఒకే సిరా, ఒకే వాలు. ఆవిడ తిట్టలేదు. రాసిన పిల్లని పిలిచి, టైఫాయిడ్ కుర్రాడి నుదుటి మీద ఆ పిల్ల చెయ్యే పెట్టించింది. కాలిపోతోంది. ఆ పిల్లనీ అనలేను. హాస్టల్లో ఇంత ఉప్మా తిని, నీళ్ల టీ తాగి నైట్ డ్యూటీకి వెళితే మూడింటికి కళ్లు వాలిపోయేవి. మీ తాతయ్య అరిసెల డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు, లోపలికి రానిచ్చేవారు కాదు. నువ్వు వేళకి తింటున్నావా? బ్రెడ్డు ముక్కతో నైట్ డ్యూటీ చెయ్యకు.

మీ ఇంగ్లండులోని స్టాఫోర్డ్ ఆసుపత్రి సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. అత్యవసర విభాగానికి వచ్చినవాళ్లని నాలుగు గంటల్లో చూసి పంపాలన్నది సర్కారు పెట్టిన గడువు. గడువు తప్పలేదని చూపడానికి నర్సుల చేత టైములు మార్పించారు. హెలీన్ డానెల్లీ అనే నర్సు ఎదురు తిరిగి, దాదాపు వందసార్లు ఫిర్యాదు రాసింది. డ్యూటీ దిగాక చీకట్లో కారు దాకా ఒంటరిగా నడవడానికి భయపడే స్థితి వచ్చినా మానలేదు. 2013లో ఆ ఆసుపత్రి మీద రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక వచ్చింది. అలా మార్పించిన సిస్టర్లిద్దరి పేర్లూ అదే ఏడాది రిజిస్టరు నుంచి కొట్టేశారు. మరుసటి ఏడాది నుంచి, పేషెంటుకి ఒక మోస్తరు హాని జరిగినా దాచకుండా చెప్పి క్షమాపణ అడగాలన్నది ఆసుపత్రుల మీద చట్టమైంది. మీ నర్సుల మండలి ఎన్ఎంసీ నియమావళి నర్సు నుంచి కూడా ఆ నిజాయితీనే కోరుతుంది. చార్టులో అబద్ధం రాయకూడదని, జరిగిన వెంటనే రాయాలని అందులోనే ఉంది.

‘సారీ చెబితే తప్పు ఒప్పుకున్నట్టే’ అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకు. క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదని అక్కడ 2006 చట్టమే అంటోంది.

1948 జూలైలో ఆరోగ్యమంత్రి బెవన్ అక్కడ ఉచిత వైద్యానికి ఎన్‌హెచ్‌ఎస్ మొదలుపెట్టినప్పటి నుంచి వార్డులో ఉన్నవాళ్ల చేతిలో బిల్లుండదు. కౌంటర్లో డబ్బు కట్టనివాళ్లకి నిలదీసే నోరు రాదు. మన పెద్దాసుపత్రిలో చూశావుగా, కసిరితే మంచానికి అతుక్కుపోయేవాళ్లని. అక్కడా అలాంటి ముసలివాళ్లు ఉండే ఉంటారు. మగతలో ఉన్నవాడు పన్నెండైందని చెప్పలేడు. వాడి తరఫున మాట్లాడేది ఆ చార్టొక్కటే. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

వీసా ఆసుపత్రి వాళ్ల చేతుల్లో ఉందన్న నీ భయం నాకు తెలుసు. అప్పు చేసి పంపాం, ఆ బరువు నీ నెత్తిన ఉంది. అప్పు సంగతి మేం చూసుకుంటాం. ఆపద బయటపెట్టిన ఉద్యోగికి రక్షణగా 1998 చట్టం ఉంది, మీ ఆసుపత్రి ట్రస్టులోనే ఇలాంటివి వినడానికి ఒక గార్డియన్ ఉంటారు. వాళ్లెవరో కనుక్కో.

రేపు డ్యూటీకి వెళ్లగానే వార్డు మేనేజరుతో చెప్పు. పదని వేసి ఉంటే నీ అంతట నువ్వు దిద్దకు. ఆవిడకి చూపించి, పాత టైము చదవడానికి వీలుగా ఉంచి, అసలు టైము, దిద్దుతున్న తేదీ, వేళ రాసి సంతకం పెట్టు. ఇన్సిడెంట్ ఫారం నింపు. ఆ పేషెంటు ఇంకా వార్డులో ఉంటే, మేనేజరుని అడిగి, వెళ్లి చెప్పు.

ఏం వేశావో నాకు ఫోన్ చెయ్యి. మీకు సాయంత్రం ఆరైతే మాకు పదకొండున్నర, ఫరవాలేదు, మేలుకునే ఉంటాను. పదని వేసినా నిన్ను ఒక్క మాట అనను. గోంగూర పచ్చడి కట్టి ఉంచాను, అటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పు.

నీ పెద్దమ్మ