మీట ఒకటే – పని వేరు

యంత్రం మనిషి కోసమా, మనిషి యంత్రం కోసమా అన్న ప్రశ్న పాతదే. దానికొక చిన్న సమాధానం కంప్యూటర్ ఆటల గేమ్ ప్యాడ్‌లో దొరుకుతుంది. ఆటవస్తువే కదా అని తీసిపారేయకండి. అందులో చక్కని పాఠం ఉంది.

ముందుగా ఒక పోలిక చూద్దాం. నంద్యాల బస్టాండులో ఉన్న బస్సుకు 'ఆళ్ళగడ్డ' బోర్డు పెడితే ఆళ్ళగడ్డ పోతుంది. మర్నాడు అదే బస్సుకు 'ఆత్మకూరు' బోర్డు పెడితే ఆత్మకూరు పోతుంది. ఇంజను మారలేదు, చక్రాలు మారలేదు, మారింది బోర్డే! గేమ్ ప్యాడ్ మీట సంగతీ ఇంతే. మీట నొక్కితే 'దూకు' అనో 'కొట్టు' అనో కంప్యూటర్‌కు కబురు వెళ్లదు. ఫలానా మీట నొక్కారు అన్న సంకేతం మాత్రమే వెళ్తుంది. ఆ సంకేతానికి ఏ పని చెయ్యాలో సాఫ్ట్‌వేర్‌లోని ఒక పట్టిక చెబుతుంది. ఆ పట్టికను మనకు కావలసినట్లు దిద్దుకోవడమే రీమ్యాపింగ్ అన్నమాట.

దీని అవసరమేమిటి? మొదటిది, కంపెనీలు ఒక్క మాట మీద లేవు. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో 'ఏ' కింద, 'బి' కుడిపక్క ఉంటాయి. నింటెండో వారి ప్యాడ్‌లో 'ఏ' కుడిపక్క, 'బి' కింద! ఒకదానికి అలవాటుపడిన వేలు రెండోదానిలో తడబడుతుంది.

రెండో కారణం ఇంతకంటే ముఖ్యమైనది. అందరి చేతులూ ఒక్కలా ఉండవు. బొటనవేలు వంగనివారు, ఒక చెయ్యే పనిచేసేవారు మన తరగతుల్లోనే ఉండవచ్చు. అందని మీట మీది పనిని అందే మీటకు మారిస్తే వారూ మనతోపాటు ఆడగలరు. 2018లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన అడాప్టివ్ కంట్రోలర్ ఈ ఆలోచనతో పుట్టిందే. దానికి రెండు పెద్ద మీటలుంటాయి. కాలితోనో, మోచేతితోనో నొక్కే స్విచ్చులను విడిగా తగిలించుకోవచ్చు.

ఇక పద్ధతి. విండోస్‌లో రన్ పెట్టె తెరిచి 'జాయ్ డాట్ సీపీఎల్' అని ఇంగ్లీషులో కొడితే గేమ్ ప్యాడ్‌ల జాబితా వస్తుంది. అందులో ప్రాపర్టీస్ నొక్కి, ఏ మీటకు ఏ నంబరు వెలుగుతుందో చూసుకోవాలి. తర్వాత ఆటలోని సెట్టింగ్స్‌లో మార్పు చెయ్యాలి. అక్కడ వీలుకాకపోతే స్టీమ్ వంటి సాఫ్ట్‌వేర్ మధ్యవర్తిగా పనికొస్తుంది. కానీ రెండుచోట్లా మార్చకండి. ఒకదాని మార్పు మీద ఇంకొకటి పడి తికమక అవుతుంది. ఒక్కో మీటే మార్చి పరీక్షించండి. పాత అమరికను కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఈ సూత్రం ఆటలతో ఆగలేదు. ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు వస్తున్నదీ దీనివల్లనే. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో 'కె' మీట తెలుగులో 'క' అక్షరాన్నిస్తుంది. హిందీకి మార్చితే హిందీ 'క' వస్తుంది. మీట అదే, పట్టిక వేరు.

కనుక మిత్రులారా! చేతికి అందని యంత్రం ఎదురైతే చేతిని తప్పుపట్టకండి. పట్టిక ఎక్కడుందో వెతకండి.