పాలిష్ డబ్బా కొనేముందు

వరంగల్

చిరంజీవి బిడ్డకు,

నువ్వు పంపిన వేపకర్ర గరిటె, టేకు కుంకుమభరిణె, గిలక్కాయ చేరినయి. చెక్కుడు బాగా కుదిరింది. మూడింటికీ ఒకే పాలిష్ కొడతానని రాశావు, అది మాత్రం వద్దు. మెరుపు సంగతి తర్వాత. ఆ వస్తువు ఎవరి చేతికి పోతుంది, దానికి ఏం తగులుతుంది అన్నది ముందు చూడాలె.

గరిటె రోజూ వేడి పులుసులో మునుగుతుంది. వార్నిష్ వేస్తే పెచ్చులూడి కూరలో పడుతుంది. నూనె పట్టించు. పల్లినూనె ఆరదు, కనరు వాసన వస్తుంది. ఆరే గుణం అవిసెనూనెది. ముందు తడిగుడ్డతో తుడిచి, ఆరినంక లేచిన నూగును గరుకు కాగితంతో తీసెయ్యి. తర్వాత పచ్చి అవిసెనూనె పలచగా రుద్ది, మిగిలింది తుడిచెయ్యి. ఆరడానికి రోజులు పడతాయని ‘బాయిల్డ్’ రకం కొనకు, తొందరగా ఆరాలని అందులో లోహపు మందులు కలుపుతారు. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడెయ్యకు. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి, బయట దండెం మీద విప్పి ఆరెయ్యి.

భరిణెకు లక్క పాలిష్ చాలు. లక్క పలుకులు స్పిరిట్‌లో కరిగించి, నూలుగుడ్డతో పలచగా పూత మీద పూత వెయ్యి. ముసురు రోజుల్లో ముట్టకు, తెల్లగా మసకబారుతుంది. రేపు గీత పడ్డా కొత్త పూత పాతదాంట్లోనే కలిసిపోతుంది.

గిలక్కాయ పసిపిల్ల నోట్లోకి పోయేది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీ ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది, మొగలి ఆకుతో నునుపు తెస్తారు. రంగులు పసుపు, నీలి, జాఫ్రా గింజలవి. నీకు లేత్ లేదు కాబట్టి రంగులేని లక్కే వేసి, స్పిరిట్ వాసన పూర్తిగా పోయినంకే ఇయ్యి. ఇంట్లో మిగిలిన పాత పెయింటు వాడకు. రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు మించొద్దన్న రూలు 2017లోగానీ అమల్లోకి రాలేదు.

భరిణెకు లప్పం పెట్టి రంగెయ్యాలనీ చూడకు. మన పాత జిల్లా చేర్యాలలో బొమ్మలు చేసే నకాషీలు పొణికి బొమ్మకు చింతగింజల జిగురు, రంపంపొట్టు కలిపి లప్పంలా పెట్టి పైన రంగులేస్తారు. పొణికి మెత్తటి కర్ర, దానికది తగును. టేకు చారలను అట్లా కప్పేస్తే టేకు కొన్నదెందుకు?

ఏ పూతయినా ముందు తుంటకర్ర మీద వేసి, నీళ్లు చల్లి, వేడి చాయ్ గ్లాసు పెట్టి చూడు. అది తట్టుకున్నంతే కొన్నవాళ్లకు మాటియ్యి.

నీ పెద్దబాపు