ట్రైలరు టైరు మార్చునప్పుడు బరువు చూచి కొనుడు

నూర్పిళ్ళు ముగిసి ధాన్యమును మిల్లులకు తోలు రోజులలో పంక్చరు షాపుల యెదుట ట్రాక్టరు ట్రైలర్లు బారులు తీరి యుండుట మీరు చూచియే యుందురు. ఒకదాని టైరు ప్రక్క నిలువునా చీలి యుండును. ఇంకొకదానికి రిమ్ము దగ్గర పగిలి లోపలి తీగ బయటపడి యుండును. "టైరుకు ఆయువు తీరినది, ఏమి చేయుదుము" అని రైతు అనుకొని మరియొకటి వేయించుకొని పోవును. కాని అట్టి టైర్లను దగ్గరకు పోయి పరిశీలించినచో వానిలో పెక్కింటికి పైగట్లు సగమైనను అరిగి యుండవు. అవి అరిగి చెడినవి కావు. మోయలేని బరువు మోసి చెడినవి.

ట్రైలరు టైరు పగులుట కారు టైరు పంక్చరగుట వంటిది కాదు. రెండు చక్రముల ట్రైలరులో నిండు లోడు ఉండగా ఒక ప్రక్క టైరు పగిలినచో బరువంతయు ఆ ప్రక్కకే ఒరుగును. కాలువ గట్టు మీదనో, చెరువు కట్ట మీదనో ఇది జరిగెనా, ట్రైలరు తాను పడుటయే గాక ట్రాక్టరును కూడ ప్రక్కకు లాగును. నడుపువానికి తప్పించుకొను వ్యవధి యుండదు. కనుక టైరు కొనునప్పుడు ధర అడుగుటకు ముందే అది ఎంత బరువు మోయునో తెలిసికొనవలెను. ఇది కష్టమైన పని కాదు. టైరు ప్రక్కననే వ్రాసి యుండును, చదువుకొనుట తెలియవలెను.

రిమ్ముకు ఎక్కిన టైరెల్ల పనికిరాదు

మన ప్రాంతపు ట్రైలర్లకు ఎక్కువగా వాడు టైరు 9.00-16 సైజుది. ఇందులో మొదటి అంకె టైరు వెడల్పును, రెండవది రిమ్ము మధ్యకొలతను అంగుళములలో తెలుపును. పాత జీపులకు, అనేక ట్రాక్టర్ల ముందు చక్రములకు వాడు 6.00-16 టైరుకు కూడ రిమ్ము కొలత 16 అంగుళములే. 7.50-16 టైరుకును అంతే. చిక్కు ఇక్కడనే వచ్చుచున్నది. సీజను నడుమ టైరు పగిలినది, చేతిలో డబ్బు లేదు, ఇంటి చావడిలో ట్రాక్టరు ముందు టైరొకటి పడి యున్నది. కొలత ఒకటే గదా యని దానినే ఎక్కింతురు. అది ఎక్కును, తిరుగును, ఖాళీ ట్రైలరును చక్కగా మోయును. లోడు వేసిన తరువాత గాని దాని సంగతి తెలియదు. ఆ టైరు ట్రాక్టరు ముందుభాగపు బరువు మోయుటకు, చాలులో దారి పట్టుటకు చేసినదే గాని ఐదు టన్నుల ధాన్యమునకు చేసినది కాదు. పైగా దానికి తగిన రిమ్ము వెడల్పు వేరు.

ఎడ్లబండ్లకు చేసిన 19 అంగుళముల టైర్ల మీద "ఏ.డి.వి." అని యుండును. పశువులు లాగు బండి కొరకు చేసినది అని దాని అర్థము. అవి ఎడ్ల నడకకు తగినవి. రబ్బరు చక్రముల ఎడ్లబండిని ట్రాక్టరు వెనుక తగిలించి రోడ్డు మీద పరుగెత్తించుట కొన్ని ఊళ్ళలో అలవాటైనది. ఆ పని మానుట మేలు.

ప్లై అంకె

సైజు తరువాత "14 పి.ఆర్." అనియో "16 పి.ఆర్." అనియో కనబడును. దీనినే దుకాణములలో 14 ప్లై, 16 ప్లై అందురు. పూర్వము టైరు లోపల నూలు గుడ్డ పొరలు వేసెడివారు. ఎన్ని పొరలున్న అంత బలము. తరువాత నైలాను వంటి గట్టి దారములు వచ్చినవి. ఇప్పటి 16 ప్లై టైరులో 16 పొరలు ఉండవు. ఆ కాలపు లెక్కకు సమానమైన బలము కలదని మాత్రమే ఆ అంకె చెప్పును. ఒకే సైజు టైర్లలో ప్లై అంకె పెరిగిన కొలది టైరు ఎక్కువ గాలి నిలుపుకొని ఎక్కువ బరువు మోయును. ప్లై తక్కువైన టైరు చవుక. చూపులకు రెండును ఒకటే. దుకాణదారుడు "సైజు అదేనండీ" అన్నప్పుడు ప్లై అంకెను వ్రేలితో చూపి చదివించుకొనవలెను.

బరువు సంఖ్య

ఇప్పటి టైర్ల మీద పెక్కింటికి సైజు ప్రక్కన ఒక సంఖ్యయు, దాని వెంట ఒక ఆంగ్ల అక్షరమును ఉండును. ఆ సంఖ్య కిలోలు కాదు, కిలోలకు గుర్తు. 121 అనగా ఒక్క టైరు 1,450 కిలోలు మోయును. 127 అనగా 1,750. 132 అనగా 2,000. 139 అనగా 2,430. 144 అనగా 2,800. 145 అనగా 2,900. అక్షరము ఆ బరువుతో పోదగిన వేగమును తెలుపును: ఎ6 అనగా గంటకు 30 కిలోమీటర్లు, ఎ8 అనగా 40, బి అనగా 50. కాబట్టి "139 ఎ6" అని యున్న టైరు 2,430 కిలోలు మోయునది 30 కిలోమీటర్ల వేగము వరకే. జాతీయ రహదారి ఎక్కి అంతకు మించి తోలినచో ఆ లెక్క చెల్లదు. కొన్ని టైర్లపై సంఖ్యకు బదులు గరిష్ఠ బరువును కిలోలలోనే వ్రాయుదురు. అప్పుడు మరింత సులువు.

మీ ట్రైలరు ఎంత మోయుచున్నది?

టైరు మోయగలిగినది తెలిసినంత మాత్రమున చాలదు. మీరు దానిపై మోపుచున్నది కూడ తెలియవలెను. ఇక్కడ కంటి అంచనా మోసము చేయును. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల డబ్బాను తీసికొందము. దాని నిండ విడి ధాన్యము పోసిన సుమారు 2 టన్నులు. అదే డబ్బా నిండ తడి ఇసుక పోసిన సుమారు 6 టన్నులు. చెరువు మట్టి తడిగా నున్నప్పుడు ఇంచుమించు ఇసుకతో సమానముగా తూగును. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైన తరువాత పూడికమట్టిని రైతులు తమ ట్రాక్టర్లతోనే పొలములకు తోలుకొనిరి. భూమికి అది మంచిదే. కాని ధాన్యమునకు అలవాటుపడిన కన్ను "డబ్బా నిండలేదు గదా" అని మరి రెండు బొచ్చెలు వేయించును. మట్టి విషయమున డబ్బా సగమైనప్పుడే నిండినదని యెంచవలెను.

సరియైన మార్గము కాటా. ఎప్పుడు వేయు లోడును అలాగే వేసికొని దగ్గరలోని లారీ కాటాకు పోవలెను. ట్రాక్టరును కాటా దాటించి, కొక్కెము ఊడదీయకుండ, ట్రైలరు చక్రములు మాత్రము పలక మీద ఉండునట్లు నిలిపి తూయింపవలెను. అప్పుడు వచ్చిన అంకెయే టైర్లు మోయుచున్న బరువు. రెండు చక్రముల ట్రైలరులో కొంత బరువు కొక్కెము ద్వారా ట్రాక్టరుపై పడును గనుక ఇట్లు తూయుట అవసరము.

ఒక లెక్క చూడుడు. ఖాళీ ట్రైలరు 1,300 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలు 60 వేసితిరి, అవి 4,500. మొత్తము 5,800. అందులో 700 ట్రాక్టరుపై పడినదనుకొందము. చక్రములపై మిగిలినది 5,100. ఒక్కొక్క టైరునకు 2,550. అయితే బస్తాలు రెండు ప్రక్కల సమముగా ఉండవు, రోడ్డు ఒక ప్రక్కకు వాలి యుండును, గుంటలో చక్రము దిగును. అందుచేత పదవవంతు కలుపుకొనవలెను, 2,805 అగును. 144 సంఖ్య గల టైరు 2,800 మోయును. ఐదు కిలోలకు ఏమగునని మీరు అనవచ్చును. ఏమియు కాకపోవచ్చును, కాని కొనుచున్నది క్రొత్త టైరు గనుక 145 అడుగుటయే తెలివి.

మరి మీ రిమ్ముకు సరిపడు టైర్లలో అంత సంఖ్య గలది దొరకకపోయినచో? 139 మాత్రమే దొరికినదనుకొందము. అప్పుడు లెక్కను వెనుకకు చేయవలెను. ఇదే ట్రైలరులో 49 బస్తాలు వేసినచో, కొక్కెముపై అదే పాలు పడునని యెంచి, పదవవంతుతో కలిపి టైరుపై సుమారు 2,406 కిలోలు పడును. 50వ బస్తా వేసినంతనే 2,430 దాటును. అనగా ఆ టైర్లపై 49 బస్తాలకు మించి వేయరాదు. పదకొండు బస్తాలు తగ్గినందుకు ఐదు ట్రిప్పుల పని ఆరు, ఏడు ట్రిప్పులగును. డీజిలు ఖర్చు అగును, నిజమే. ఆ డీజిలు ఖర్చును, నడిరోడ్డుపై లోడు దింపి మరల ఎత్తించు కూలిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు.

నాలుగు చక్రముల ట్రైలరుకు లెక్క తేలిక. ఖాళీ బరువు 1,700, బస్తాలు 4,500, మొత్తము 6,200. నాలుగింట పంచిన 1,550. పదవవంతు కలిపిన 1,705. దీనికి 127 సంఖ్య చాలును.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెద్ద సంఖ్య గల టైరు వేసినంత మాత్రమున ట్రైలరు బలము పెరగదు. ఇరుసు, బేరింగులు, కమానులు, రిమ్ము, అన్నిటిని మించి ట్రాక్టరు బ్రేకులు పాతవే గదా. రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన మొత్తపు బరువును ఏ టైరును పెంచజాలదు. అట్లే, ఎంత మంచి టైర్లు వేసినను మిరప కోతకు కూలీలను ట్రైలరులో ఎక్కించి తీసికొనిపోరాదు. అది సరుకుల బండి, చట్టమును ఒప్పదు.

గాలి

టైరుపై వ్రాసిన బరువు, దానిపైననే వ్రాసిన గాలి ఉన్నప్పుడే చెల్లును. గాలి తగ్గిన టైరు తిరిగినప్పుడెల్ల ప్రక్కలు వంగి లేచుచుండును. ఇనుప తీగను పలుమార్లు అటునిటు వంచినచో వేడెక్కి తెగును గదా. టైరు లోపలి దారములకును అదియే గతి. పైకి ఏమియు కనబడదు. ఎండాకాలపు మధ్యాహ్నము తారు రోడ్డు మీద ఒక్కసారిగా పగులును.

గాలిని ఉదయము ట్రైలరు కదలకముందు కొలిపించవలెను. షాపువాడు టైరును చేతితో తట్టి చెప్పినది కొలత కాదు. మీటరు పెట్టి చూపుమనవలెను. టైరుపై కిలోపాస్కలులలో ఉన్నచో 100 కిలోపాస్కలులు 14.5 పౌన్లకు సమానము. తిరిగి వచ్చి వేడిగా నున్న టైరులో పౌన్లు పెరిగి కనబడును. అప్పుడు గాలి తీయరాదు. ఎక్కువ లోడు వేయుచున్నాము గదా యని వ్రాసిన దానికి మించి గాలి కొట్టించుటయు పొరపాటే. దానివలన మోయు శక్తి పెరగదు, రాయి తగిలినప్పుడు పగులు భయము పెరుగును.

పాత టైర్లు, జత టైర్లు

ఒకే ఇరుసుపై రెండు ప్రక్కల ఒకే సైజు, ఒకే ప్లై, ఒకే రకపు టైర్లు ఉండవలెను. ఒక ప్రక్క రేడియలు, ఒక ప్రక్క మామూలు టైరు వేయరాదు. ఒక్కటే పగిలినచో రెండవదానిని కూడ విప్పించి లోపల చేయి పెట్టి చూడవలెను; అదియు అంత బరువే మోసినది.

లారీకి వాడి తీసిన టైర్లు, రీట్రేడు చేసిన టైర్లు చవుకగా దొరకును. పైగట్లు క్రొత్తగా కనబడును గాని మోయునది లోపలి దారములు. అవి ఏమి పడినవో మనకు తెలియదు. నిండు లోడు మోయు రెండు చక్రముల ట్రైలరుకు వానిని నేను సలహా ఈయను.

క్రొత్త టైరుకును పుట్టిన తేది చూడవలెను. ప్రక్కన నాలుగంకెల గుర్తు ఉండును: 2324 అనగా 2024వ సంవత్సరము 23వ వారము. ఏళ్ళ తరబడి దుకాణములో ఎండకు, వేడికి ఉన్న టైరును క్రొత్త ధరకు కొననేల? మీ ట్రైలరు కూడ ఏడాదిలో ఎక్కువ నెలలు ఊరకనే నిలిచి యుండును. అప్పుడు ఇరుసు క్రింద దుంగలు పెట్టి చక్రములను నేల నుండి లేపి, టైర్లకు ఎండ తగులకుండ గోనెలు కప్పవలెను.

టైరు ఎక్కించునప్పుడు ఆ సైజుకు చెందిన క్రొత్త ట్యూబునే వేయింపవలెను. సాగిన పాత ట్యూబు లోపల మడతపడి అక్కడనే తెగును. రిమ్ము తుప్పును గీకించి, ఫ్లాపు ఉండవలసిన రిమ్ముకు ఫ్లాపు వేయింపవలెను. నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. మొదటి లోడు దింపి వచ్చిన వెంటనే స్పానరు పట్టి వానిని మరియొకసారి బిగించుడు. క్రొత్తగా ఎక్కించిన చక్రమున నట్లు మొదటి ట్రిప్పులోనే కొంత వదులగును.