బిళ్ళగన్నేరు

బందరు వీధులలో, గుడివాడ పెరళ్ళలో, దివిసీమ ఇసుక నేలలలో బిళ్ళగన్నేరును చూడనివారుండరు. నీరు పోయువారు లేకున్నను ఏడాది పొడవున పూయును. పశువులు సాధారణముగ దీనిని ముట్టవు. ఆపాటి వివేకము ఒకప్పుడు మాకు లేకపోయెను.

ఈ మొక్క పుట్టినిల్లు మడగాస్కరు దీవి. పలు దేశములలో దీని ఆకుల కషాయమును మధుమేహమునకు వాడుచుండిరి. 1952లో జమైకా నుండి కొన్ని ఆకులు కెనడాలోని ఒక వైద్యునకు చేరెను. ఆయన వానిని తన సోదరుడును పరిశోధకుడును అగు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చెను. నోబుల్ ఆ సారమును ఎలుకలకు సూదితో ఎక్కించి చూచెను. చక్కెర తగ్గలేదు సరికదా, ఎలుకలు రోగములు సోకి చచ్చెను. వాని రక్తములో తెల్లకణములు క్షీణించియుండెను! తెల్లకణములు మితిమీరి పెరుగు వ్యాధికి ఇదియే మందు కారాదా? నోబుల్, చార్లెస్ బీర్ అనువారలు 1958లో విన్‌బ్లాస్టిన్‌ను లోకమునకు వెల్లడించిరి. పిదప ఈ మొక్కనుండియే విన్‌క్రిస్టిన్ లభించెను. 1963లో అమెరికాలో దాని వాడుకకు అనుమతి వచ్చెను.

కణము రెండుగా చీలునపుడు దానిలో సన్నని నాళికలు ఏర్పడి క్రోమోజోములను ఇరువైపులకు లాగును. ఈ మందు ఆ నాళికలను ఏర్పడనీయదు. చీలజాలని కణము నశించును. బాలురకు, యువకులకు ఎముకలలో వచ్చు యూయింగ్ సార్కోమా అను కేన్సరునకు విన్‌క్రిస్టిన్‌ను ఇతర మందులతో కలిపి నేటికిని ఇచ్చుచున్నారు. ఎముక కేన్సరులన్నిటికి ఇది మందు కాదు. ఆస్టియోసార్కోమాకు వాడు మెథొట్రెక్సేటు, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున సాగిన పరిశోధనల ఫలము. అది వేరొక పాఠమునకు తగిన కథ.

నేను పనిచేయు కాలమున దివిసీమ బాలుడొకనికి మోకాలిపై వాపు వచ్చెను. చెడుగుడులో తగిలిన దెబ్బ యంటిని. రాత్రులందు నొప్పి హెచ్చుచున్నదని వాడు చెప్పినను నేను చెవినిడలేదు. తుదకు వైద్యుడు కేన్సరని అనుమానించి పట్టణమునకు పొమ్మనగా, ఇంటివారు, “మందు మన పెరటిలోనే యుండగా పట్టణమేల?” అని ఆకు నూరి త్రాగించిరి. వందల కిలోల ఎండుటాకులను వడిచినగాని ఒక గ్రాము మందు రాదు. రోగికి ఒక పర్యాయము ఇచ్చునది రెండు మిల్లీగ్రాములకు మించదు. అదియు నరములోనికే ఎక్కింపవలెను. మోతాదు తప్పిన నాడులు దెబ్బతినును. ఆకులో నూటికి పైగా ఇతర ఆల్కలాయిడులును కలవు. పసరు గ్రుక్కలో ఏది ఎంత యున్నదో ఎవరు చెప్పగలరు?

వాంతులతో సోలిన బాలుని ఆస్పత్రికి చేర్చునప్పటికి రెండు మాసములు గడచెను. చికిత్సలో వానికి సూదిద్వారా ఎక్కించిన మందులలో విన్‌క్రిస్టిన్ కూడ నుండెను. ప్రాణము నిలిచెను, కాలు దక్కలేదు. ఇప్పుడతడు గుడివాడలో పుస్తకముల అంగడి నడుపుచున్నాడు.