శాక్సఫోన్‌కు కర్ర రీడా, ప్లాస్టిక్ రీడా?

శాక్సఫోన్ ఒళ్ళంతా ఇత్తడే అయినా, పలికించేది మాత్రం మౌత్‌పీసుకు బిగించే పల్చటి రీడు. దాన్ని 'అరుండో డొనాక్స్' అనే, వెదురును పోలిన గడ్డిజాతి మొక్క నుంచి చెక్కుతారు. దక్షిణ ఫ్రాన్సులోని వార్ ప్రాంతపు పంటకు పేరెక్కువ. ఒకే చేలో పండిన రెండు కంకులు ఒకలా ఉంటాయా? ఇవీ అంతే. గట్టిదనపు నెంబరు ఒకటే అయినా, ఒకే పెట్టెలో ఒకటి పలుకుతుంది, ఇంకొకటి మొరాయిస్తుంది! పైగా లాలాజలం పీల్చి ఉబ్బుతుంది, ఆరితే అంచు వంకర్లు పోతుంది.

పాలిప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్‌తో చేసినదానికి ఈ బెడద లేదు. తడపక్కర్లేదు, నెలల తరబడి మన్నుతుంది. ఖరీదు మాత్రం ఒక కర్ర రీడుకు అనేక రెట్లు. నెంబరు తప్పితే డబ్బు దండుగే. పెళ్ళి ఊరేగింపులో, ఎండలో ఆగి ఆగి వాయించేవారికి నేను ప్లాస్టిక్కే చెబుతాను. కొత్తగా నేర్చేవారు రెండో నెంబరు కర్ర రీడ్లు మూడు నాలుగు కొని, రోజుకొకటి మార్చి వాయించాలి. మన ఊపిరికి ఏ నెంబరు సరిపోతుందో తేలాకనే ప్లాస్టిక్‌దానికి డబ్బు పెట్టడం మంచిది.