నోరులేని రోగి, నొప్పిలేని శస్త్రచికిత్స

శస్త్రచికిత్స అనగానే ఎవరి మనసులోనైనా మెదిలేది తెల్లని దీపాల క్రింద, బల్లమీద స్పృహ లేకుండా పడుకొని ఉన్న రోగి రూపం. పల్లెటూరి పశువైద్యుని రోగి సంగతి వేరు. ఆ రోగి బరువు మూడు నాలుగు వందల కిలోలు. ప్రాణం మీదికి వచ్చిన పశువును పట్టణంలోని ఆసుపత్రికి తరలించడం రైతుకు తలకు మించిన పని. కనుక వైద్యుడే సంచి పుచ్చుకొని కొట్టం దగ్గరకు వస్తాడు. వేపచెట్టు నీడయే శస్త్రచికిత్సాలయం. పగ్గం పట్టుకొని నిలిచిన రైతే సహాయకుడు. అన్నిటికంటె వింత ఏమిటంటే, డొక్కమీద జానెడు పొడవున కోత పడుతున్నా ఆ ఆవు మెలకువగానే, నాలుగు కాళ్ళమీద నిలబడే ఉంటుంది.

ఇది మొరటుతనం కాదు. నెమరువేసే జంతువు శరీరధర్మాన్ని ఎరిగి, దానికి తగినట్లుగా రూపుదిద్దుకొన్న శాస్త్రం. పశువుల శస్త్రచికిత్సలో నేర్పంతా రోగిని నిద్రపుచ్చడంలో లేదు. నిద్రపుచ్చకుండానే నొప్పిని తొలగించడంలో ఉన్నది.

నిద్రపుచ్చితే ఏమవుతుంది?

ఆవు కడుపులో నాలుగు అరలున్నాయి. వాటిలో రూమెన్ అనే పెద్దపొట్ట, ఎదిగిన ఆవులో నూరు లీటర్లకు పైగా పట్టే పులియబెట్టు తొట్టి వంటిది. మేసిన గడ్డిని సూక్ష్మజీవులు అక్కడ జీర్ణింపజేస్తుండగా గంటకు 30 నుండి 50 లీటర్ల వరకు వాయువు పుడుతుంది. మెలకువగా ఉన్న పశువు ఆ వాయువును త్రేన్పుల ద్వారా వెలుపలికి పంపివేస్తుంది. పూర్తిగా స్పృహ తప్పిన పశువులో త్రేన్పులు ఆగిపోతాయి. వాయువు పుట్టడం మాత్రం ఆగదు. పొట్ట ఉబ్బి, ఊపిరితిత్తులకు పొట్టకు నడుమనున్న విభాజక పటలాన్ని నెట్టుతుంది. పశువుకు ఊపిరి ఆడదు.

రెండవ ప్రమాదం ఇంకా పెద్దది. కండరాలు సడలినప్పుడు పెద్దపొట్టలోని పులిసిన మేత గొంతులోకి ఎగదన్నుతుంది. ఆవు నోట రోజుకు సుమారు వంద లీటర్ల లాలాజలం ఊరుతుంది. మత్తులో కూడా ఆ ఊట ఆగదు. ఈ రెండింటిలో ఏది శ్వాసనాళంలోకి జారినా పశువు ఊపిరాడక అప్పుడే చనిపోవచ్చు, లేదా కొన్ని రోజుల తరువాత ఊపిరితిత్తుల వాపుతో కన్నుమూయవచ్చు. ఇక అంతటి భారీ శరీరం గట్టి నేలమీద గంటల తరబడి ఒకే ప్రక్క పడి ఉంటే, అడుగున నలిగిన కండరాలు, నాడులు దెబ్బతిని పశువు తిరిగి లేవలేకపోవచ్చు.

అందువలన పూర్తి మత్తు ఇవ్వవలసి వచ్చినప్పుడు పెద్ద పశువును ముందుగా ఒకటి రెండు రోజులు మేత లేకుండా, ఇంచుమించు ఒక పూట నుండి ఒక రోజు వరకు నీరు లేకుండా ఉంచుతారు. శ్వాసనాళంలో గొట్టం అమర్చుతారు. ఈనలేక విలవిలలాడే ఆవుకు ఆ వ్యవధి ఎక్కడిది? కళ్ళంలో ఆ పరికరాలెక్కడివి?

చిన్న సీసాలోని ఉపకారం

ఈ చిక్కును విప్పింది స్థానిక మత్తుమందు. 1884లో వియన్నా నగరంలో కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు కొకెయిన్ ద్రావణపు చుక్కలతో కంటికి స్పర్శ పోగొట్టవచ్చునని చూపాడు. ఆ మందులోని వ్యసనదోషం వెలుగులోకి వచ్చిన తరువాత ఇతర మందులకోసం అన్వేషణ సాగింది. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్‌లు లిడోకెయిన్‌ను రూపొందించారు. 1948 నుండి జైలోకెయిన్ అనే పేరుతో అమ్మకానికి వచ్చిన ఆ మందే పంటివైద్యుని దగ్గర మనుష్యులకూ, పాకలో పశువులకూ నేటికీ ఉపకరిస్తున్నది.

దాని పనితీరు సరళమైనది. నొప్పి కబురు నాడి వెంట విద్యుత్ తరంగంలా మెదడుకు చేరాలంటే, నాడి పొరలోని సన్నని ద్వారాల గుండా సోడియం అయాన్లు లోపలికి ప్రవేశించాలి. లిడోకెయిన్ ఆ ద్వారాలను మూసివేస్తుంది. కోత పడుతుంది, కబురు మాత్రం చేరదు. గంట, గంటన్నర తరువాత మందు రక్తంలో కలిసిపోయి ద్వారాలు తిరిగి తెరుచుకుంటాయి.

అయితే మోతాదు మితిమీరితే ఇదే మందు వణుకు, మూర్ఛ కలిగించి ప్రాణం తీయగలదు. కిలో శరీరబరువుకు 5 మిల్లీగ్రాములు మించకుండా చూసుకొంటే, 300 కిలోల ఆవుకు 2 శాతం ద్రావణం 75 మిల్లీలీటర్ల వరకు వాడవచ్చు. 30 కిలోల దూడకు ఆ హద్దు ఏడున్నర మిల్లీలీటర్లే. పెద్ద పశువుకు వాడిన చేతివాటంతో దూడకు వాడితే కొమ్ము మొలక తీయబోయి దూడనే పోగొట్టుకోవలసి వస్తుంది.

డొక్క తెరవడం

నేటి పట్టణాలలో చెత్తకుప్పల దగ్గర మేసే ఆవులు కూరల తొక్కలతోపాటు ప్లాస్టిక్ సంచులను కూడా మింగుతున్నాయి. అవి అరగవు, వెలుపలికి పోవు. ఏళ్ళ తరబడి పెద్దపొట్టలో పేరుకొని ముద్దకడతాయి. పొట్ట నిండుగా కనిపించే ఆవు లోపల ఆకలితో చిక్కిపోతుంది. అనంతపురం ప్రాంతంలో, పుట్టపర్తికి చెందిన కరుణా సొసైటీ ఇటువంటి ఆవులకు శస్త్రచికిత్సలు చేయించింది. ఈ సమస్యపై 'ది ప్లాస్టిక్ కౌ' అనే డాక్యుమెంటరీ చిత్రం 2012లో వెలువడింది. ఆ సంస్థ అదే సంవత్సరం సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

ఈ శస్త్రచికిత్సకు ఆవును నిలబెట్టి ఎడమ డొక్కను తెరవడం సాధారణ పద్ధతి. నిలబడి ఉంటే పెద్దపొట్ట తన చోటనే ఉండి చేతికి అందుతుంది, పశువు త్రేన్చగలుగుతుంది. డొక్కకు స్పర్శనిచ్చేవి ముఖ్యంగా మూడు నాడులు. ఆవుకు ప్రక్కటెముకలు 13 జతలు. చివరి ప్రక్కటెముక వద్ద వెన్ను నుండి వెలువడే నాడి ఒకటి, దాని వెనుక నడుము మొదటి రెండు వెన్నుపూసల నాడులు రెండు. వెన్నెముక ప్రక్కన ఈ మూడింటి త్రోవలో పొడవైన సూదితో మందు ఎక్కిస్తే చర్మం మొదలు కడుపు లోపలి పొర వరకు డొక్క అంతా మొద్దుబారుతుంది. అమెరికాలో జేమ్స్ ఫార్కర్సన్ 1940లో ఈ విధానాన్ని వివరించాడు. మందు పట్టిందనడానికి గురుతులు కంటికే కనిపిస్తాయి: ఆ ప్రక్క చర్మం వెచ్చబడుతుంది, కండరాలు సడలి వెన్ను ఆ వైపునకు విల్లులా ఉబ్బుతుంది.

నాడుల చోటు గురిచూడటం కష్టమైన పశువులలో సులభమార్గం మరొకటి ఉన్నది. కోత పడబోయే చోటికి పైన ఒక వరుస, ముందు వైపున ఒక వరుస, తలక్రిందులైన ఇంగ్లీషు 'ఎల్' అక్షరం ఆకారంలో మందు ఎక్కిస్తారు. దీనికి మందు ఎక్కువ పడుతుంది. లోపలి పొరకు స్పర్శ పూర్తిగా పోకపోవచ్చు. ఏ విధానమైనా పది పదిహేను నిమిషాలు ఆగి, సూదిమొనతో గుచ్చి పరీక్షించిన పిదపనే కత్తి పట్టాలి. ఆ కొద్ది నిమిషాల ఓపిక లేనిచోట మందు ఇచ్చీ ఇవ్వనట్లే అవుతుంది.

తోక మొదట ఒక సూది

దూడ అడ్డం తిరిగినప్పుడు, ఈనిన పిమ్మట గర్భసంచి వెలుపలికి జారినప్పుడు వైద్యుని చేతికి అడ్డు తగిలేది ఆవు ముక్కడమే. వైద్యుడు లోపలికి నెట్టినదాన్ని ఆవు తిరిగి వెలుపలికి నెట్టుతుంది. ఇందుకు మందు ఎక్కించేది తోక మొదట. తోకను పట్టి బోరింగు పిడిలా పైకీ క్రిందికీ ఆడిస్తే, కదిలే మొదటి కీలు దగ్గర వేలికి చిన్న గుంట తగులుతుంది. అక్కడ వెంట్రుకలు తీసి, శుభ్రపరచి సూది దింపుతారు. సూది తలలో నిలిపిన మందుచుక్క తనంత తానే లోపలికి పీల్చుకొనిపోతే చోటు సరిపడినట్లు లెక్క. 2 శాతం లిడోకెయిన్ 5, 6 మిల్లీలీటర్లు చాలు. కొద్ది నిమిషాలకు తోక వాలిపోతుంది, ముక్కడం ఆగుతుంది. వెనుక కాళ్ళ బలం మాత్రం చెడదు. మందు ఎక్కువైతే అది వెన్ను వెంట ముందుకు ప్రాకి, కాళ్ళు పట్టుతప్పి ఆవు కూలబడుతుంది.

కొమ్ము తీయవలసివస్తే, కంటి కొసకు కొమ్ము మొదలుకు నడుమ, ఎముక గట్టు అంచున మందు ఎక్కిస్తారు. భారతదేశపు ఎద్దులలో కనిపించే కొమ్ము పుండుకు, అనగా కొమ్ము లోపలి క్యాన్సర్‌కు, కొమ్మును మొదలంటా తీయడమే ముఖ్యమైన చికిత్స. గిట్ట చెడినప్పుడు కాలికి పైన రబ్బరు పట్టీ బిగించి, పట్టీకి దిగువ సిరలో మందు ఎక్కిస్తే గిట్ట వరకు మొద్దుబారుతుంది. ఆ పట్టీని పని ముగిసిన తరువాత మెల్లగా వదలాలి. వెంటనే వదిలితే మందు ఒక్కుమ్మడిగా గుండెకు చేరుతుంది.

బెదురు తీర్చే మందు

నొప్పి లేకున్నా బెదురు ఉంటుంది. క్రొత్తవారిని చూసి కుమ్మబోయే కోడెకు స్థానిక మందు ఒక్కటే చాలదు. జర్మనీలో బేయర్ సంస్థ 1962లో రూపొందించిన జైలజీన్ ఇక్కడ అక్కరకు వస్తుంది. మొదట రక్తపుపోటు తగ్గించడానికి ఉద్దేశించిన ఈ మందు పశువులను మగతలో ఉంచుతుందని తరువాత తేలింది. గుర్రానికి వాడే మోతాదులో పదవవంతే ఆవుకు చాలు. అందులోనూ మూపురం జాతి పశువులు దీనికి మరింత సులభంగా లొంగుతాయి. ఒంగోలు మొదలైన భారతీయ జాతుల రక్తంతో అమెరికాలో రూపొందిన బ్రాహ్మన్ పశువులలో ఈ తేడా గమనించబడింది. మోతాదు కొంచెం పెరిగినా పశువు పడుకొంటుంది, గుండెవేగం తగ్గుతుంది, పొట్ట ఉబ్బుతుంది. నిండు చూడి ఆవులో ఇది గర్భసంచిని ముడుచుకొనేట్లు చేస్తుంది కనుక వాడరాదు. విరుగుడుగా యోహింబిన్, టోలజోలిన్ వంటి మందులున్నాయి. మందు వాడిన పశువు పాలను నిర్ణీత గడువు తీరేవరకు వాడకూడదు.

ఈ మందే ఫెంటనిల్‌తో కలిసి మాదకద్రవ్యంగా మారి అమెరికాలో ప్రాణాలు తీస్తున్నందున, 2023 ఏప్రిల్‌లో ఆ మిశ్రమాన్ని అక్కడి ప్రభుత్వం తలెత్తుతున్న ముప్పుగా ప్రకటించింది. కోడెను శాంతింపజేసే మందు మనిషి చేతిలో దారితప్పిన తీరు అది.

మౌనం అంగీకారం కాదు

పులి వాసన పసిగట్టి బ్రతికిన జాతి పశువుది. బాధను బయటపెట్టిన జంతువే ముందుగా వేటకు చిక్కుతుంది గనుక, నొప్పిని దాచుకోవడం వాటి స్వభావమైంది. పళ్ళు కొరకడం, మేత మానడం, నెమరు నిలిచిపోవడం, వీపు వంచి నిలబడటం, ఇవే వాటి మూలుగులు. ఆ భాష తెలియని మనిషి, ఆవు అరవలేదు గనుక నొప్పి లేదనుకొన్నాడు. కోడెలను నాలుగు ప్రక్కల త్రాళ్ళతో పడగొట్టి, మందు లేకుండానే ఎద్దులుగా మార్చడం ఎన్నో తరాలు సాగింది.

బ్రిటన్ 1919లోనే జంతువులకు చేసే కొన్ని శస్త్రచికిత్సలలో మత్తుమందు తప్పనిసరి అని చట్టం చేసింది. భారతదేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, నిర్దేశించిన పద్ధతిలో కొమ్ములు తీయడాన్ని, ఎద్దుగా మార్చడాన్ని హింస క్రింద లెక్కించలేదు. ఆ పద్ధతి ఏదో స్పష్టపరుస్తూ 2023లో వెలువడిన నియమాలు, ఆ పనులు నమోదైన పశువైద్యుని ఆధ్వర్యంలో, మత్తుమందుతో జరగాలని నిర్దేశించాయి. 1962 నంబరుకు ఫోను చేస్తే ఇంటిముందుకు వచ్చే సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలయ్యాయి.

శస్త్రచికిత్సతో నొప్పి ముగియదు. మందు దిగిన తరువాత పుండు సలుపుతుంది. ఒకప్పుడు ఇందుకు విరివిగా వాడిన డైక్లోఫినాక్, చనిపోయిన పశువుల కళేబరాలను తిన్న రాబందులను లక్షల సంఖ్యలో బలిగొన్నది. 2006లో భారత ప్రభుత్వం పశువులకు దాని వాడకాన్ని నిషేధించింది. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ దాని స్థానంలోకి వచ్చింది. ఒక జీవి నొప్పి తీర్చబోయి మరొక జీవికి ముప్పు తేకూడదన్న పాఠం ఆ పక్షులు ప్రాణాలిచ్చి నేర్పినది.

శస్త్రచికిత్స ముగిసి కుట్లు వేసిన కొన్ని గంటలకు ఆవు మెల్లగా ఒక గడ్డిపరక అందుకొని, ఆపై దవడ కదిపి నెమరువేయడం మొదలుపెడితే, పగ్గం పట్టుకొని నిలిచిన రైతు ముఖం తేటపడుతుంది. వైద్యుని పని నెగ్గిందనడానికి అంతకుమించిన గురుతు మరొకటి లేదు.